అయిదుకు సున్నా

"నలభై ఎనిమిదిని ఆరుతో భాగిస్తే యాభై నాలుగా?" మోహన టీచర్ కాగితాన్ని హేమశ్రీ ముందుకు తోసింది. "భాగించమంటే కూడి పెట్టినావు. కింద లెక్కలో తీసేసినావు. అయిదుకు సున్నా. నెల రోజుల్నుంచి నేను చెప్పిందంతా యాడికి పోయింది?"

"నాకు రాదు మేడమ్," అంది హేమశ్రీ. తల వంచలేదు. చేతులు కట్టుకోలేదు.

పూతలపట్టుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ బడిలో, నాలుగో తరగతి పిల్లల్లో భాగాహారం రానివాళ్లకు రోజూ సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతి నడుస్తోంది. తొమ్మిది మందితో మొదలైంది. అయిదు లెక్కలూ సరిగ్గా చేసినవాళ్లు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. చివరికి మిగిలింది హేమశ్రీ ఒక్కతే. ఆ ఒక్క పిల్ల కోసం మోహన రోజూ మళ్లీ మొదటి నుంచి చెప్పుకొస్తోంది. ముందు బెంచీలోనే కూర్చున్నా "ఇంకొంచెం గట్టిగా చెప్పండి మేడమ్" అంటుంది ఆ పిల్ల. గొంతు నొప్పెట్టేదాకా చెప్పినా సున్నాయే. లోపం తన చెప్పడంలోనే ఉందేమోనని మోహనకు రెండు వారాలుగా మనసు మనసులో లేదు.

ఇవాళ మధ్యాహ్నంతో ఆ బాధ పోయి, కోపం వచ్చింది.

"కబడ్డీకి జట్లు పంచింది ఎవరు?"

హేమశ్రీ బెంచీ మీది పెన్సిలును అటూ ఇటూ దొర్లించింది.

"నేను సూస్తానే ఉండాను. ఇరవై ఆరు మంది, నాలుగు జట్లు, జట్టుకు ఆరుగురు, మిగిలిన ఇద్దురూ గీత కాడ నిలబడి ఔటు చెప్పాలంటివి. రెప్ప కొట్టేలోపల పంచేసినావు. ఆడ వచ్చిన లెక్క ఈడ ఏంటికి రాదు?"

"అది ఆట మేడమ్."

"ఇదేంది మరి?"

"ఇది పరీక్ష."

తాళాల గుత్తి పట్టుకుని హెడ్మాస్టర్ కృష్ణమూర్తి గుమ్మంలోకి వచ్చాడు. బల్ల మీది కాగితం తీసి చూశాడు.

"ఇంకా ఇంతేనామ్మా ఈ పిల్ల? రేపు భాగాహారం వచ్చినోళ్ల లిస్టు పై ఆఫీసుకు పంపించాల. వదిలెయ్. రేపట్నుంచి మూడో తరగతిలో కూసోబెడదాం." హేమశ్రీ వైపు తిరిగాడు. "ఏం పాపా, నీకంటే చిన్నోళ్ల పక్కన కూసుంటావా? సిగ్గుగా ఉండదా?"

"ఉండదు సార్. కూసుంటా." క్షణం కూడా ఆలోచించలేదు హేమశ్రీ. "ఆడ భాగాహారం మొదట్నుంచి చెప్తారా సార్?"

నలభై మంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టే కృష్ణమూర్తి, మోహన ముఖం చూసి, తాళాలు గలగలలాడిస్తూ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

మోహన లేచి నిలబడింది. "మూడో తరగతీ వద్దు, ఏదీ వద్దు. నీకు భాగాహారం వచ్చు. వచ్చి కూడా రానట్టు నటించే పిల్లకు నేను చెప్పేది లేదు. ఈ క్లాసు ఇంతటితో ఆపేస్తా ఉండా."

అప్పుడు మారింది హేమశ్రీ ముఖం. ఇన్నాళ్లూ అయిదుకు సున్నా వచ్చినా, పక్కపిల్లలు నవ్వినా, ఇంతసేపూ హెడ్మాస్టర్ ముందు నిలబడినా చెదరని ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

మోహన నల్లబల్ల తుడవడానికి డస్టర్ కోసం చెయ్యి చాచింది. అంతకంటే ముందే హేమశ్రీ దాన్ని అందుకుని వీపు వెనక దాచుకుంది.

"ఇయ్యి."

"ఇయ్యను మేడమ్."

"హేమశ్రీ."

"కొట్టండి మేడమ్. తుడపొద్దు. ఇంకా అయిపోలేదు."

"ఏం అయిపోలేదు? నువ్వు రాసి ఇచ్చి పావుగంటయింది."

డస్టర్ సంగతి వదిలేసి మోహన తలుపు వైపు కదిలింది. తొమ్మిదేళ్ల పిల్ల, తలుపుకూ టీచరుకూ మధ్య అడ్డంగా వచ్చి, కాళ్లు ఎడం చేసి నిలబడింది. మోహన ఇటు జరిగితే ఇటు జరిగింది. అటు జరిగితే అటు. అలా అడ్డం తిరుగుతూనే ఒక్కసారి గబుక్కున వెనక్కి, బయటి వరండా వైపు చూసింది.

మోహన ఆ చూపును పట్టుకుంది. పిల్లను భుజం పట్టి పక్కకు జరిపి, బయటికి అడుగు పెట్టింది.

వరండాలో, కిటికీ కింద, తోమి బోర్లించిన అన్నం గిన్నెల పక్కన ఒక ఆడమనిషి గొంతుక్కూర్చుని ఉంది. బడిలో మధ్యాహ్నం అన్నం వండే లోకేశ్వరి. హేమశ్రీ వాళ్లమ్మ. ఆమె చేతిలో బొగ్గుముక్క. ఆమె ముందు గచ్చు మీద, లోపల నల్లబల్ల మీదున్న లెక్కలే వరసగా. నాలుగింటికి జవాబులు సరిగ్గా ఉన్నాయి. అయిదోది సగంలో ఆగింది.

టీచరును చూడగానే లోకేశ్వరి తత్తరపడి లేచి, కొంగుతో గచ్చు తుడవబోయింది. వెనక నుంచి హేమశ్రీ పరుగున వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. డస్టర్ ఇంకా వదల్లేదు. టీచరు కళ్లలోకి సూటిగా చూసింది.

"మా అమ్మకు ఇంకా శేషం రాలేదు మేడమ్. అది వచ్చేదాకా నేను అయిదూ తప్పే రాస్తా."