గళ్ల లెక్క

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ఇంటి ముందు కొత్తగా కట్టిన సిమెంటు ర్యాంపు ఎక్కుతుండగా లెక్కల టీచరు కూర్చున్న చక్రాల కుర్చీ వెనక్కి జారింది. భర్త రెండు చేతులా ఆపడంతో దెబ్బ తగల్లేదు.

సోమవారం ఆమె తిరిగి బడికి వెళ్లాలి. ఇంకా సెలవు పెడితే వేరొకరిని తీసుకుంటామని హెడ్మాస్టరు చెప్పేశారు.

"గ్రాఫు కాగితంలో గీసి ఉన్నట్టే కట్టించానే," అన్నాడు భర్త. ఆయన దర్జీ.

"ఏదీ, ఇటివ్వండి. వాలు ఎంతన్నారు?"

"పైకి ఒక గడి, అడ్డంగా పన్నెండు. పన్నెండో వంతు. డాక్టరు చెప్పిందీ అంతేగా."

"గళ్లు లెక్కపెడితే సరిపోతుందా? స్కేలు చూడొద్దూ? నిలువు గడి అడుగు, అడ్డం గడి అరడుగు. అంటే అడుగు ఎత్తుకి ఆరడుగులే. ఆరో వంతు. కుర్చీ జారక ఏంచేస్తుంది?"

ఆయన కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

"ఈ తప్పు చేస్తే పిల్లలకి సున్నా వేస్తాను నేను. ఏ మహానుభావుడు గీశాడండీ ఇది? మేస్త్రీయా?"

"పోనీలే, వదిలెయ్."

"అంటే మీరేనా?"

"నువ్వే. ఆపరేషనైన మర్నాడు, మత్తు దిగకముందే కాగితం అడిగి గీశావు. ఇంటికి ఇలా వస్తానన్నావు. దాన్ని పక్కనపెట్టి ఇంకోటి గీయించడానికి నాకు మనసొప్పలేదు."

ఆమె ఫోన్ అందుకుని మేస్త్రీకి తనే చేసింది. ర్యాంపు మీద వేయడానికి పన్నెండడుగుల చెక్కలతో సోమవారం ఉదయం ఆరింటికి వస్తానన్నాడు. బడిలో మొదటి గంట తొమ్మిదింటికి కొడతారు.