పూచీ సంతకం

"ఫ్యాను ఎందుకు కట్టేశారు?" అంది లెక్కల టీచరమ్మ.

"కాగితాలు ఎగిరిపోతున్నాయి," అన్నాడు టైలరు.

"కాగితాలా? ఉక్కపోతకి ఓటర్లు వెనక్కి పోవాలనా?"

పోలింగు మొదలై ఇంకా పది నిమిషాలు కాలేదు. ఆ స్కూలు గదిలో ఇద్దరికీ ఒకటే బెంచీ. ఆవిడ గొడుగు పార్టీ వలంటీరు, ఆయన నిచ్చెన పార్టీ వలంటీరు. వచ్చిన ఓటరు పేరు లిస్టులో చూసి టిక్కు పెట్టడం ఇద్దరి పని. కానీ లిస్టుకన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే ఎక్కువైంది. పోయినసారి ఈ గదిలో గొడుగు నాలుగంటే నాలుగు ఓట్లతో ఓడింది. ఆ నాలుగూ దొంగ ఓట్లేనని టీచరమ్మ నమ్మకం. ఈసారి ఒక్క ఓటు కూడా అలా పోనివ్వనని పార్టీ ఆఫీసులో అందరి ముందూ మాటిచ్చి మరీ వచ్చింది.

పోలింగు అధికారి మామూలు రోజుల్లో పోస్టాఫీసు గుమాస్తా. పాపం, పొద్దున్నే తలనొప్పి మాత్ర వేసుకున్నాడు. కార్డు లేకుండా వచ్చిన ఓటరుకి ఇద్దరు వలంటీర్లలో ఎవరో ఒకరు "ఈ మనిషి నాకు తెలుసు" అని పూచీ సంతకం పెడితే చాలని రూలు చదివి వినిపించాడు.

తొమ్మిదింటికి ఒకతను కార్డు లేకుండా వచ్చాడు. టైలరు వెంటనే పెన్ను తీశాడు.

"ఆగండాగండి. ఈయన మీకేమవుతారు?" అంది టీచరమ్మ.

టైలరు పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "బావమరిది."

"బావమరిదికి బావ పూచీ! బావుంది వరస!"

అధికారి రూలు పుస్తకం తిరగేశాడు. బంధువుల సంతకం చెల్లదన్నాడు. కార్డు తెచ్చుకుంటానని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచి టైలరు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకల్లా అడ్డు తగలడం మొదలుపెట్టాడు. ఒకమ్మాయి ఫొటోలో లావుగా ఉంది, ఇప్పుడు సన్నగా ఉందన్నాడు. ఒక ఎలక్ట్రీషియన్ ఇల్లు మారాడన్నాడు. టీచరమ్మ ఊరుకుంటుందా? ఆయన కాదన్న ప్రతి మనిషి తరఫునా గొంతు చించుకుని వాదించింది. ఒకరిద్దరికి పూచీ సంతకం కూడా గీకేసింది. అందరూ ఓటేసే వెళ్ళారు.

మధ్యాహ్నం టైలరు వరండాలోకి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోనులో గుసగుసలాడాడు. టీచరమ్మ అన్నం డబ్బా వదిలేసి కిటికీ పక్కకి చేరింది.

"ఇప్పుడొద్దు... చివర్లో... జనం పల్చబడ్డాక," అంతే వినబడింది.

ఆవిడకి అంతా అర్థమైపోయింది. చివర్లో దొంగ ఓటర్లని దింపుతాడన్నమాట! వాళ్ళందరికీ తనే పూచీ పడతాడన్నమాట! దింపనీ, చూద్దాం అనుకుంది. ఆ తర్వాత ఆవిడ మంచినీళ్ళకి కూడా లేవలేదు.

ఐదింటికి పోలింగు ఆఖరు. పది నిమిషాల ముందు, చేతికర్ర పొడుచుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. దళసరి కళ్ళజోడు. వీపంతా చెమట.

"కార్డేదమ్మా?" అన్నాడు అధికారి.

"మనవరాలు బీరువాలో పెట్టి, తాళంచెవి పట్టుకుని ఊరెళ్ళింది నాయనా."

టీచరమ్మ చటుక్కున టైలరు చేతి వంక చూసింది. ఇప్పుడు పెన్ను తీస్తాడు!

టైలరు పెన్ను తియ్యలేదు. "ఈవిడెవరో నాకు తెలీదు. పంపించెయ్యండి," అన్నాడు.

"ఏంట్రా?" ముసలావిడ కర్ర నేలకేసి కొట్టింది. "నేను దొంగ ఓటరునా? యాభై ఏళ్ళుగా ఒక్కసారి తప్పకుండా ఓటేస్తున్నా. చంటివాణ్ణి చంకనేసుకుని క్యూలో నిలబడ్డా! నిన్ను కాదురా, ఇలా పెంచినందుకు నిన్ను కన్నతల్లిని అనాలి!"

టైలరు తలదించుకున్నాడు. "ఎన్నన్నా సరే. కార్డు లేనిదే ఓటు లేదు," అని గొణిగాడు.

టీచరమ్మకి ఒళ్ళు మండింది. ఆ వయసు మనిషిని అంత మాటంటాడా అని జాలీ వేసింది. కానీ జాలికన్నా ముందు లెక్క తేలిపోయింది. ఇంత గట్టిగా వద్దంటున్నాడంటే ఈ ఓటు ఖాయంగా గొడుగుకే. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని పాతికేళ్ళుగా పిల్లలకి చెబుతున్న మనిషికి ఈ మాత్రం తెలీదా?

లిస్టులో అడ్రసు ఓరగా చూసింది. "నాకు బాగా తెలుసీవిడ. మూడో వీధి కదా? రోజూ స్కూలుకి వెళ్తూ పలకరిస్తాను," అంది. ఆ వీధి మొహం ఆవిడ జన్మలో చూడలేదు.

"బంధుత్వం ఏమన్నా ఉందా?" అన్నాడు అధికారి.

"అబ్బే, ముఖపరిచయమే."

సంతకం పడిపోయింది. "అన్యాయం! నా అభ్యంతరం రాసుకోండి!" అని టైలరు లేచి అరిచాడు. అధికారి నుదురు రుద్దుకుంటూ రాసుకున్నాడు. ముసలావిడ ఓటేసి వచ్చి, "చల్లగా ఉండు తల్లీ," అని టీచరమ్మ తల నిమిరి వెళ్ళింది. టీచరమ్మ కళ్ళు చెమర్చాయి.

ఐదు కొట్టింది. పెట్టెకి సీలు వేశారు. ఇద్దరూ సంతకాలు చేశారు. టైలరు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"చివరి ఓటు కూడా మనదే!" టీచరమ్మ ఫోనులో పార్టీ ఆఫీసుకి చెబుతోంది. "ఆ టైలరు ఎన్ని ఎత్తులు వేశాడని! నా దగ్గరా ఆయన ఆటలు?"

గేటు బయట ముసలావిడని స్కూటరు మీద జాగ్రత్తగా కూర్చోబెడుతూ టైలరు అడిగాడు: "నాటకమే అనుకో, కన్నకొడుకుని పట్టుకుని నలుగురిలో అంత గట్టిగా తిట్టాలా అమ్మా?"