పనికిరాని నవల

బుకారెస్టులోని పుస్తకాల తనిఖీ కార్యాలయంలో ఆ చలికాలమంతా ఒక్క నవలే చదివారు. దాన్ని ఎవరూ చదవకుండా చూడడమే వాళ్ళ ఉద్యోగం మరి.

కార్బన్ కాగితం పెట్టి టైపు చేసిన ప్రతులు. రాసినవాడి పేరు లేదు. యుద్ధకాలంలో ఒక చిన్న ఊరు, దాన్ని ఏలుతున్న జర్మన్ కమాండెంటు, అతని భయానికి తుమ్ము కూడా గుసగుసగా తుమ్మే జనం. ఇదీ కథ. నగరంలో చేతులు మారుతున్న ప్రతులు కొన్ని దొరికితే పట్టుకొచ్చారు. కార్యాలయంలో అందరూ బాధ్యతగా చదివారు. మరీ బాధ్యత గలవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి పెళ్ళాలతో కూడా చదివించారు.

చిక్కల్లా ఒక్కటే. నిషేధించాలంటే కారణం రాయాలి. ఓడిపోయి పారిపోయిన జర్మన్లను తిట్టాడని నిషేధించడం కుదరదు. ఆ కమాండెంటు అచ్చం ఇప్పుడు ఏలుతున్న పెద్దల్లో ఎవరిలా ఉన్నాడో ప్యూనుతో సహా అందరికీ తెలుసు. కానీ ఆ మాట కాగితం మీద పెట్టిన మొదటివాడు తిన్నగా జైలుకే.

చివరికి ఔరెల్ గట్టెక్కించాడు. అక్కడ అందరికంటే పాతవాడు, అందరికంటే మెత్తని మనిషి. "భాష బాగాలేదు. పాత్రల్లో ప్రాణం లేదు. రచయితకు రాయడం చేతకాదు" అని రాసి సంతకం చేశాడు. రాస్తున్నంతసేపూ కడుపునొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టాడు.

"మరీ అంత బాగాలేదంటారా?" అంది పక్క బల్ల దగ్గర కూర్చునే వియోరికా, గొంతు తగ్గించి. "రొట్టెల వరసలో ముసలావిడ పోయినచోట నాకు ఏడుపొచ్చింది. అసహ్యంతోనే లెండి."

"అక్కడ టైపు చేసినవాడు సగం వాక్యం మింగేశాడు. వాడి వేళ్ళు విరగ్గొట్టాలి" అన్నాడు ఔరెల్ పళ్ళు కొరుకుతూ.

ఆయన దేశభక్తికి వియోరికా హడలిపోయింది.

వారం తిరక్కుండా పై అధికారి ద్రాగోమిర్ నుంచి ఔరెల్‌కి పిలుపొచ్చింది. రచయిత దొరికాడట.

గదిలో సిల్వెస్త్రు కూర్చుని ఉన్నాడు. ట్రాక్టర్ల మీద పద్యాలు రాసే కవి. ముందురోజు సారాయి దుకాణంలో ఎవరో ఆ నవల ఊసెత్తితే, "దాని సంగతి మాత్రం నన్నడక్కండి" అని మీసం దువ్వాడట. అంతే. తెల్లారేసరికి ఇక్కడున్నాడు.

"రాసింది నువ్వేనా?" అన్నాడు ద్రాగోమిర్.

"నేనని చెప్పను. కాదనీ అనను" అన్నాడు కవి. గడ్డం పైకెత్తే ఉంది గానీ, చూపు మాత్రం తలుపు మీదే ఉంది.

ద్రాగోమిర్ ఫోనులో పడగానే ఔరెల్ కవి చెవి దగ్గరికి వంగాడు. "కాదని చెప్పి ఇంటికి పోరాదూ? కాలువ తవ్వడానికి పంపుతారు. అక్కణ్ణుంచి మనుషులు తిరిగి రావడం లేదు."

"నిన్న దుకాణంలో అందరూ లేచి నిలబడ్డారండీ" అన్నాడు కవి. కళ్ళలో నీళ్ళు. "నా కోసం. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా లేచారంటే, వెళ్ళిపోవడానికే లేచేవాళ్ళు."

ద్రాగోమిర్ ఫోను పెట్టేసి కాగితం ముందుకు తోశాడు. "కానీవయ్యా ఔరెల్. ఇతనే అని రాసి సంతకం పెట్టు."

పెడితే చాలు. వెతుకులాట ఆగిపోతుంది. నగరమంతా హాయిగా నిద్రపోతుంది. ఔరెల్ కలం తీశాడు, మూత కూడా విప్పాడు. చెయ్యి మాత్రం సాగలేదు.

"ఇతను కాదు, కామ్రేడ్."

"ఎట్లా చెప్తావు?"

"ఇతని తరం కాదు."

"పుస్తకం పనికిరాదని రాసిందే నువ్వు. ఇతని పద్యాలు పనికిరావని నాకూ తెలుసు. రెండూ సరిపోయాయిగా."

ఔరెల్ మెడ ఎర్రబడింది. "నేను తప్పు రాశాను. పుస్తకం బాగుంది."

"ఎంత బాగుంది?"

"చాలా." ఇక ఆగలేకపోయాడు. "ఆ ముసలావిడ చావులో కన్నీళ్ళన్న మాటే లేదు, గమనించారా? వెనకవాళ్ళు ఒక్కడుగు ముందుకు జరుగుతారు, అంతే. ఇతనైతే పోతున్న ఆవిడ చేత ట్రాక్టరు మీద పాట పాడించేవాడు."

కవి దిగ్గున లేచాడు. "నన్ను అవమానిస్తున్నారు."

"ఇంటికి పంపిస్తున్నాను. నోరు మూసుకోండి."

ద్రాగోమిర్ లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. "నిజమేలే. ఆ ముసలమ్మ దగ్గర నాకూ..." అని, గబుక్కున దగ్గి, కవిని బయటికి గెంటించాడు. సిల్వెస్త్రు మెట్లు దిగుతూ, ఔరెల్‌కి తనంటే కడుపుమంట అని వీధి చివరిదాకా వినపడేలా అరుచుకుంటూ పోయాడు.

"శత్రువు పుస్తకాన్ని మెచ్చుకున్నందుకు నీ జీతంలో కోత" అన్నాడు ద్రాగోమిర్. "శత్రువును ఇంత బాగా అర్థం చేసుకున్నందుకు ప్రమోషన్. వాణ్ణి పట్టుకునే పని ఇకనుంచి నీదే."

"శాయశక్తులా వెతుకుతాను, కామ్రేడ్" అన్నాడు ఔరెల్.

ఆ సాయంత్రం ఇంటికి చేరి, తలుపు గడియ పెట్టి, పొయ్యి దగ్గర వేళ్ళు కాచుకుని, ఔరెల్ ఆ నవలకు రెండో భాగం రాయడం మొదలుపెట్టాడు.