చేయి కుదిరింది

“పెట్రోలు తాగింది ఎవర్రా? జీపా, నీవా?”

బానెట్‌లో దూర్చిన తల బయటికి తీయకుండానే అడిగాడు విజయరాఘవ రాజా. పక్కన డ్రైవర్ వీరన్ మసిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

“వండి తాగింది మొదలాళీ.”

“వండి కాదురా, బండి. ఇన్నేండ్లుగా మా ఇంట్లో ఉండావు, నీ నోటికి ‘బ’ రాలేదు.”

వీరన్ తల గోక్కున్నాడు. అతని తమిళ నోట్లో బండి ఎప్పుడూ వండే. విని విని ఆ ఇంట్లో చిన్నవాళ్ళకూ ఆ మాట పట్టుకుంది.

యుద్ధం అయ్యాక సైన్యం వేలం వేస్తే పాడుకున్న జీపు అది. మంసాపురం పత్తి చేలకూ, కొండ కింది మామిడి తోటకూ దానితోనే రాకపోకలు. మొదటినుంచీ పెట్రోలు ఎక్కువే తాగేది. ఈ మధ్య మరీ మితిమీరింది. రాజా కార్బురేటర్ విప్పి కడిగాడు. చక్రాలకు గాలి నిండుగా కొట్టించాడు. బరువు తగ్గుతుందని వెనక సీటు పీకేశాడు. పల్లంలో ఇంజను ఆపి దొర్లించమన్నాడు. ఏం చేసినా తగ్గలేదు.

“ఇంక మిగిలింది దొంగతనమే. అమావాస్య దాకా చూస్తాను. తగ్గకుంటే నీవు వేరే తావు చూసుకో.”

వీరన్‌కు ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా అతను వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

కిటికీలోంచి అంతా విన్న రాజా భార్య గోమతి చేయి తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

“వీరన్‌ను ఏమీ అనవద్దండి. అమావాస్యకు నేను తగ్గించి చూపిస్తాను.”

“నీవా? నీకేం తెలుసు?”

“ముందు చక్రాలను గూడా తిప్పే లివరు వేసే ఉండాది చూడండి. అది ఇసకలోకి గదా. తారు రోడ్డులో కూడా వేసి పెడితే తాగక ఏం చేస్తుంది?”

రాజా లోపలికి వంగి చూశాడు. లివరు వేసే ఉంది. “ఇది నీకెవరు చెప్పినారు?”

“కండ్లుండాయి గదా,” అని గోమతి లోపలికి వెళ్ళిపోయింది.

అత్త చెల్లమ్మకు ఆ జీపు మీద వేరే కోపం. తళవాయిపురంలో ఉన్న చెల్లెలు అఖిలాండాన్ని చూసి ఎన్నాళ్ళో అయింది. బస్సులో నిలబడి పోయే ఓపిక లేదు. కొడుకును అడిగితే పెట్రోలు సంగతి ఎత్తుతాడు. కోడలు మాత్రం మధ్యాహ్నం కాగానే వీరన్‌ను పిలిచి జీపులో తోటకు పోతుంది.

“దినమూ అక్కడేం చేస్తావే?” అని ఒకనాడు అడిగేసింది.

“ఊరికే వండి చూస్తా ఉండానత్తా.”

చెల్లమ్మ కోపం అక్కడితో దిగిపోయింది. పుట్టింట్లో గరిటె పట్టని పిల్ల. ఈ ఇంట్లో ఆమె పెట్టిన రసం రెండోసారి పోయించుకున్నవాళ్ళు లేరు. తోట కావలివాని భార్య రాక్కమ్మాళ్ వంటకు పేరు. అత్త ముందు నేర్చుకునేదానికి సిగ్గుపడి అక్కడికి పోతున్నట్టుంది, పోనీలే అనుకుంది.

అప్పటినుంచి కోడలు తిరిగి రాగానే పలకరించేది.

“చీరకు మసి అంటింది చూడు. మాడిన వాసన గూడా వస్తా ఉండాదే నీ మీద.”

“మొదట్లో మాడుతుందత్తా. చేయి కుదిరినాక మాడదు.”

అరచేతులు బొబ్బలెక్కి ఉంటే చెల్లమ్మే కొబ్బరినూనె రాసింది. “గరిటె అంత బిగించి పట్టుకోకూడదే. వదులుగా పట్టాల.”

“వీరనూ అదే అంటాడు.”

“వానికేం తెలుసు ఈ పని?”

గోమతి నవ్వి చేయి వెనక్కి తీసుకుంది.

“నాకెప్పుడు తెస్తావు మరి?”

“బాగా రానీండి. మొదట మీకే. భయపడకూడదు మాత్రం.”

“నీ రసం తాగినదాన్ని. ఇంకా భయమేందే నాకు?”

అమావాస్య వచ్చింది. రాజా ట్యాంకు నింపించి, వీరన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మంసాపురం పోయి వచ్చాడు. సీటు కింద ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. మళ్ళీ ముంచి చూశాడు. ముఖం వికసించింది.

“చూసినావా అమ్మా? పోయిన నెలకూ దీనికీ సంబంధం లేదు. కార్బురేటర్ కడిగినది ఊరికే పోతుందా?”

“నీ చేతి గుణం అప్పా,” అంది చెల్లమ్మ.

“వీరన్, నిన్ను అనుమానపడినాను. మనసులో పెట్టుకోవద్దు.”

“ఇప్పుడు ఆగి ఆగి పోవడం లేదు మొదలాళీ. ఒకే ఊపులో పోతుంది,” అన్నాడు వీరన్. గోమతి వాళ్ళిద్దరికీ మజ్జిగ ఇచ్చి, ఏమీ తెలియనట్టు లోటాలు తీసుకుపోయింది.

మరునాడు ఆమె తోటకు బయలుదేరుతూ అత్త దగ్గర ఆగింది.

“ఈ దినం తెస్తానత్తా. పట్టుచీర కట్టుకోని ఉండండి.”

“తినేదానికి పట్టుచీర ఎందుకే?”

“మొదటిసారి గదా.”

చెల్లమ్మ పట్టుచీర కట్టుకుంది. నడింటి కూడంలో ఆకు పరిచి నీళ్ళు చల్లి, పీట మీద కూర్చుంది. మిల్లు సైరను కూసింది. కోడలు రాలేదు. ఆకలి మొదలైంది.

వీధిలో హారన్ మోగింది. తిన్నె మీద పేపరు చదువుతున్న రాజా తల ఎత్తాడు. ఎదురుగా మెట్టు మీద వీరన్ కూర్చుని ఉన్నాడు.

“నీవెప్పుడు వచ్చినావు? తోటకు పోలేదా?”

“నన్ను దించేసి పోయినారు మొదలాళీ.” వీరన్ లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

రాజా చేతిలో పేపరు జారింది. ఎడమ చేతిలో నీళ్ళ లోటాతో చెల్లమ్మ గడప దాటి వచ్చి, వీధిలో జీపు స్టీరింగు పట్టుకున్న కోడలిని చూసి అక్కడే నిలబడిపోయింది.

“అత్తా, వండి తెచ్చినాను, ఎక్కండి.”