ఎర్ర గుర్తు సంచులు

"కార్డు లేకుంటే కాదు. రేషన్ కార్డో, ఓటు కార్డో, ఏదో ఒకటి జిరాక్స్ తీస్కరా" అని సంధ్యారాణి మూడోసారి చెప్పింది.

శ్యామల గుమ్మంలోంచి కదల్లేదు. "జీతం వద్దక్కా. తిండి వద్దు. బట్టలు మడత పెడత, అంతే."

సునామీ వచ్చి పదిహేను రోజులైంది. ఆర్మూరు పసుపు మార్కెట్ వెనక రేకుల షెడ్డులో మహిళా సంఘం వాళ్లు బాధితుల కోసం బట్టలు పోగు చేస్తున్నారు. ఆ పనికి పెద్ద సంధ్యారాణి. వెనకటి వరదలప్పుడు ఇలాగే పోగు చేసిన వాటిలో రెండు సంచులు మాయమైతే, ఊరంతా ఆమె మొహం వైపే చూసింది. ఈసారి ఒక్క చీర తక్కువైనా ఆమె తలెత్తుకుని తిరగలేదు. ఈ కార్డుల పట్టింపు అందుకే.

శ్యామల కొత్త మనిషేం కాదు. మస్కట్ పోయి వచ్చిన డ్రైవర్ స్వామి భార్య. మూడేళ్ల కిందట వెంట తెచ్చుకున్నాడు. "కాకినాడ దిక్కు పిల్ల. మస్కట్ల ఇంటి పని చేస్తుండె" అని గల్లీలో చెప్పాడు. ఆమె తక్కువ మాట్లాడేది, అదీ తడుముకుంటూ. సముద్రం ఒడ్డు వాళ్ల యాస అలాగే ఉంటుందేమోనని ఎవరూ పట్టించుకోలేదు.

"చర్చిల అడిగిన. కాలేజి పిల్లలను అడిగిన. అందరు కార్డే అడుగుతున్నరు. నాకు లేదక్కా" అంది శ్యామల, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"మూడేండ్లాయె. నీ మొగడు కార్డుల పేరెక్కియ్యలేదా?"

అసలు లగ్గమన్నా అయిందో లేదోనని సంధ్యారాణికి అనుమానం. అయినా మనసు ఆగలేదు. "సరే. నా కండ్ల ముంగట్నే కూసోవాలె" అంది.

పని విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు, ఇద్దరి పని ఒక్కతే చేసేది. ఖాళీ పసుపు సంచుల్లోనే బట్టలు కుక్కుతున్నారు కాబట్టి మడతలన్నీ పచ్చబడుతున్నాయి. "అక్కడోళ్లు లగ్గం బట్టలనుకుంటరు" అని పక్కన కూర్చున్న లక్ష్మవ్వ అంటే అందరూ నవ్వేవారు. శ్యామల నవ్వేది కాదు.

నీలం గుర్తు సంచులు నాగపట్నానికి. ఎర్ర గుర్తువి తూత్తుకుడిలో ఓడెక్కి అవతలి ఒడ్డుకు. "అవతలోళ్లకు చినిగినయ్ చాల్తియ్" అని లక్ష్మవ్వ తీర్పు. శ్యామల రోజూ వెళ్లి ఆ ఎర్ర గుట్ట దగ్గరే కూర్చునేది. పేపరతను ఫొటో తీయడానికి వస్తే, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని సంచుల వెనక్కి పోయింది. ఇదంతా సంధ్యారాణి కంట్లో పడుతూనే ఉంది.

ఆరో రోజు పొద్దున లారీ వచ్చి నిలబడింది. అప్పుడే ఆమెకు ఒక సంగతి తట్టింది. నీలం గుట్టలో ఉండాల్సిన మంచి చీరలు కొన్ని ఎర్ర గుట్టకు చేరాయి. శ్యామల వీటిని దారిలో ఎవరితోనైనా దింపించుకోవడానికా? ఒక ఎర్ర సంచి కుట్లు తెంపి బోర్లించింది. చీరలన్నీ ఉన్నాయి. ఒక మడతలోంచి చిట్టీ జారిపడింది.

గుండ్రటి అక్షరాలు. చూడబోతే తెలుగులాగే ఉన్నాయి, చదవబోతే ఒక్కటీ రాదు. కింద రెండు సున్నాలతో మొదలై పొడుగాటి అంకెల వరుస. కాగితం నిండా పసుపు.

"యంత్రం! అంకెలు సుత ఏసింది సూడుండ్రి. బాణామతి!" అని లక్ష్మవ్వ అరిచింది.

ఆర్మూరు మార్కెట్లో పసుపు అంటని కాగితమే ఉండదన్న సంగతి ఆ క్షణాన ఒక్కరికీ గుర్తు రాలేదు.

శ్యామల చేతులు జోడించింది. "చెడ్డది కాదక్కా. నన్ను పొమ్మను, పోత. చిట్టీలు ఉండనియ్యి."

"ఏం రాసినవో చెప్పు. ఉండనిస్త."

శ్యామల చిట్టీ కోసం చెయ్యి చాచింది; సంధ్యారాణి దాన్ని తన చేతి సంచిలో పెట్టేసుకుంది.

సంధ్యారాణికి బాణామతి మీద నమ్మకం లేదు. పుకారు మీద ఉంది. ఈ మాట గల్లీ దాటిందా, సంఘానికి ఇంకెవరూ పాత గుడ్డ కూడా ఇవ్వరు. ఎర్ర సంచులన్నీ విప్పించింది. నలభై చిట్టీల దాకా తేలాయి. షెడ్డు వెనక కుప్ప పోసి అగ్గిపుల్ల గీసింది. శ్యామల ఉరికొచ్చి మంటలో చెయ్యి పెట్టబోతే ఇద్దరు రెక్కలు పట్టుకుని ఆపారు. ఏడవనైనా లేదు ఆ పిల్ల. అన్నీ మసయ్యేదాకా చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పోయింది. సంచులు మళ్లీ కుట్టించి లారీని సాగనంపారు.

సంధ్యారాణికి అన్నం సయించలేదు. మొదట దొరికిన చిట్టీ ఇంకా చేతి సంచిలోనే ఉంది. సంగతి తేల్చుకుందామని అది పట్టుకుని స్వామి ఇంటికి వెళ్లింది. శ్యామల గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నీ పెండ్లాం ఏం మంత్రాలు రాస్తుందయ్యా?"

చిట్టీ చూడగానే స్వామి నీరుగారిపోయాడు. "మంత్రం కాదక్కా. వాళ్లమ్మకు ఉత్తరం. 'అమ్మా, నేను బతికే ఉన్న. నువ్వుంటే గీ నంబరుకు ఫోన్ చెయ్' అని. కిందున్నది మన గల్లీ ఎస్టీడీ నంబరే."

సంధ్యారాణి శ్యామల వైపు చూసింది. "అమ్మకైతే పోస్టుల ఎయ్యాలె గని, గిట్ల సంచులల్ల కుక్కుడేంది?"

"ఇల్లు సముద్రంల కొట్టుకపోయిందట. పోస్టు ఎవలకిస్తరు? గా బట్టలు పంచేకాడ ఎవలన్న చదివి చెప్తరని ఆశ."

"రైలెక్కి పోయి ఎతికి రారాదు?"

స్వామి లేచి తలుపుకు గడియ పెట్టాడు. గొంతు తగ్గించాడు. "ఎవలకు చెప్పకక్కా, నీ కాళ్లు మొక్కుత. దాని తాన ఒక్క కాయితం లేదు. తెలిస్తే పోలీసులు పట్టుకపోతరు."

"కాకినాడల పుట్టినదాన్ని ఎవలు పట్టుకపోతరయ్యా?"

"శ్యామలది శ్రీలంక, అక్కా."