నలభై ఒకటో సీసా

నా నోట అబద్ధం రాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తం సాక్ష్యం.

సముద్రంలో నీళ్లు ఎటు పారతాయో తేల్చాలని మా కాలనీ అమ్మాయి ప్రసూన విశాఖ దగ్గర వంద సీసాలకు నంబర్లు వేసి వదిలింది. దొరికినవారు లోపలి కార్డు మీద చోటు రాసి పోస్టు చేయాలి. నెలాఖరుకు ఒక్క కార్డైనా రాకపోతే ఆమె పరిశోధన ఆగిపోతుంది.

నెలాఖరు రాత్రి, డ్యూటీ దిగిన తండ్రితో ఆమె మా ఊరి సర్కండా వంతెన దాటుతుంటే, ఎండిన అర్పా నదిలో గాజు టింగుమంది. దిగి చూస్తే ఆమె సీసాయే, నలభై ఒకటోది. చుట్టూ ఇసుక తడిగా ఉంది.

"ఏటికి ఎదురెలా వచ్చింది నాన్నా?"

"అచ్ఛా, వచ్చీసింది కదా! భయమేటమ్మా, కార్డు రాసీ."

మూత తీసింది. దొరికిన చోటు ఎవరో అప్పటికే రాశారు: సర్కండా వంతెన. సిరా ఇంకా ఆరలేదు.

సరే, ఒక్క అబద్ధం ఒప్పుకుంటాను. పిల్ల భయపడుతుందని తోడుకు తండ్రిని నేనే కల్పించాను. వంతెన కింద ఆమె ఒక్కతే ఉంది.