గడ్డి చేపలు

"గడ్డి తినే చేపలని మాకు అంటగట్టావు. ఏదీ, ఒక్క పోచైనా కొరికాయా?"

చెరువు గట్టున నిలబడి టీచరమ్మ చేపపిల్లలు అమ్మినాయన్ని నిలదీసింది. బడినుంచి రిటైరై ఏళ్లయినా ఆ గొంతు ఇంకా వెనక బెంచీదాకా వినిపిస్తుంది. కాలనీవాళ్లంతా కలిసి చూసుకునే చిన్న చెరువది. ఇప్పుడు నీళ్లే కనిపించకుండా గడ్డి కమ్మేసింది. మందు కొట్టిద్దామని అందరూ అంటే, మందు కొడితే చేపా కప్పా సమస్తం చస్తాయి, గడ్డి చేపల్ని వదులుదాం, పూచీ నాదని మీటింగులో ఒంటరిగా పోట్లాడింది ఆవిడే. ఆవిడ అడిగి తీసుకున్న గడువు ఈ వారంతో సరి. సోమవారం మందు డబ్బాలు దిగుతాయి. ఆవిడ మొహాన నవ్వని మనిషి లేడు. ఒళ్లు మండిపోదూ మరి.

అమ్మినాయన వల విసిరి ఒక చేపను పైకి తీశాడు.

"చేపల్లో లోపం లేదమ్మా. ఎలా బలిసిందో చూడండి. ఎవరో వండిన తిండి మేపుతున్నారు. ముద్ద నోటి దగ్గరికే వస్తుంటే గడ్డెందుకు కొరుకుతాయి? అది ఆపించండి, వాటంతటవే గడ్డి పని పడతాయి."

టీచరమ్మ చూపు గట్టు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న టైలరు మీద పడింది. రోజూ క్యారియరు విప్పేది అక్కడే కదా.

"నీదేనా ఈ నిర్వాకం?"

"నాకేం తెలీదు టీచరమ్మా. మా ఆవిడ వంట నాకే చాలదు, చేపలకేం మిగులుతుంది?"

ఇంకేం, టీచరమ్మ అతనికి కడుపునిండా గడ్డి పెట్టింది. "నీడలో చోటిచ్చినందుకు మా చెరువుకే ఎసరు పెడతావా? మావారిని చూసి నేర్చుకో. పొద్దున్నే నడకకొచ్చి ఆ బెంచీ మీదే పథ్యం డబ్బా విప్పుకుంటారు. ఒక్క మెతుకు పారెయ్యరు. డబ్బా కడిగినట్టుంటుంది. రేపట్నుంచి నీ మిషను ఇక్కడ కనిపించకూడదు."

"ఇక్కణ్ణించి లేపేస్తే ఎక్కడికి పోనమ్మా?" అన్నాడు టైలరు, మిషను చక్రం పట్టుకుని.

"తగువెందుకు, చేపల్నే అడుగుదాం," అన్నాడు అమ్మినాయన. "మేపే మనిషి అలికిడి అవి ఇట్టే పట్టేస్తాయి."

టైలరు నీళ్ల అంచుకు వెళ్లి క్యారియరు మూత గలగలలాడించాడు. ఒక్క చేపా కదల్లేదు.

"నీ తరఫున సాక్ష్యం చెప్పడానికి అవీ సిగ్గుపడుతున్నాయి," అంది టీచరమ్మ, పట్టు వదలకుండా.

అంతలో వెనకనుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. టక్, టక్. నీళ్లు ఒక్కసారిగా కుతకుతలాడాయి. గడ్డిని చీల్చుకుంటూ చేపలన్నీ గట్టుకు చేరి, నోళ్లు తెరిచి నిలబడ్డాయి. ఇవాళ ఆలస్యంగా నడకకొచ్చిన టీచరమ్మ భర్త, వాటిని చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. చేతిలో డబ్బా వీపు వెనక్కి పోయింది.

టైలరు తలొంచుకుని సూదిలో దారం ఎక్కించసాగాడు.

"మీరా?" అంది టీచరమ్మ. ఈసారి ఆ గొంతు మొదటి బెంచీకైనా వినిపించలేదు.

"గడ్డి చేపలని నువ్వే చెప్పావు కదే," ఆయన నసిగాడు. "నువ్వు నాకు రోజూ పెట్టేది అదేగా అని, వాటికి పెట్టాను."